వియ్యంకుడి ట్యాంకర్

ప్లాంటు మళ్లీ చచ్చిపోయింది.

ఊర్మిల ఇనుప మూత పక్కకు జరిపి లోపలికి వంగి చూసింది. ఎసరు కాగినట్టు ఎప్పుడూ బుడబుడలాడే గది ఈ సోమవారం పొద్దున ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఒక్క బుడగ లేదు. పైన మాత్రం సబ్బు నురగలాంటి తెల్లటి పొర. చెవి ఒగ్గి విన్నది. ఊరి వైపు నుంచి మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

“పోయినసారి మీరు సస్తె పేడ కలిపి పోసి లేపితిని గదా! మళ్ల ఏమొచ్చింది మీకు?” అని గదిని తిట్టింది. గది పట్టించుకోలేదు.

సిరిసిల్ల శివారులో ఉన్న ఆ ప్లాంటును మహిళా సంఘం తరఫున ఊర్మిల నడుపుతోంది. ఇళ్లలో సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసిన ట్యాంకర్లన్నీ అక్కడికే వస్తాయి. మురుగు జాలీ దాటి మూతలున్న గదుల్లో పడుతుంది. ఆ గదుల్లో కంటికి కనబడని పురుగులు దాన్ని తింటాయి. మిగిలిన నీళ్లు గులకరాళ్ల మడుల్లో, తుంగ వేళ్ల సందుల్లోంచి వడకట్టుకుని బయటికొచ్చేసరికి మొక్కలకు పోసుకోవచ్చు. పెద్ద యంత్రాలేమీ లేవు. పని మొత్తం ఆ పురుగులదే. వాటిని బతికించుకోవడం ఊర్మిల పని.

ఆ పని ఇప్పుడు రెండోసారి చెడింది.

ఫోన్ మోగింది. ప్లాంటును పర్యవేక్షించే ఇంజినీరు సంధ్య.

“ఊర్మిలా, శుక్రవారం శాంపిల్ తీస్కపోతా. పోయినసారి మీ నీళ్లు ఫెయిలైనయి. ఈసారి కూడా ఫెయిలైతే గేటుకు తాళం వెయ్యమని పైనుంచి చెప్పిన్రు. నేను ఆపలేను.”

“మేడం, జరంత టైమియ్యుర్రి.”

“పోయినసారి ఇచ్చింది టైమే కదా.”

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఊర్మిలకు అందుకే మరింత మండింది. గేటుకు తాళం పడితే ట్యాంకర్లు ఎక్కడికి పోతాయో ఆమెకు బాగా తెలుసు. ప్లాంటు రాకముందు అవన్నీ వాగు ఒడ్డున నిలబడి పైపు విప్పేవి. ఆ వాగు పక్క గల్లీలోనే ఆమె పుట్టి పెరిగింది. ఎండాకాలంలో తలుపులు మూసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నం తిన్న ఇల్లు అది.

ట్యాంకర్ హారన్ వినిపించింది. ఎల్లేశం దిగాడు. ఎల్లంతకుంట మనిషి. సిరిసిల్లలో సగం ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల గుట్టు అతనికి తెలుసు.

“ఏందక్కా, మొఖం గట్ల వెట్టినవ్? ఎవలన్న పోయిర్రా?”

“పోయిర్రు. లోపలున్నోళ్లందరు పోయిర్రు.”

ఎల్లేశం తలకు చుట్టిన తువ్వాల తీసి గది వైపు చూసి చేతులు జోడించాడు. “అయ్యో! మంచోళ్లుండె. ఏది వెట్టినా తినేటోళ్లు.”

“నవ్వులాట గాదు. నిజం చెప్పు. అద్దకం షెడ్ల నీళ్లేమన్న కలిపి తెచ్చినవా?”

“నా పానం మీద ఒట్టక్కా.”

“నీ పానం నాకెందుకు? నీ ట్యాంకర్ మీద ఒట్టెయ్యి.”

ఎల్లేశం నవ్వు ఆపి, ట్యాంకర్ మీద అరచెయ్యి ఆనించాడు. “దీని మీద ఒట్టు. తీసింది తీసినట్టే తెచ్చిన. నేను ఇంకోటి కలపలే.”

ఊర్మిల నమ్మింది. ఆ బండి మీద అతను అబద్ధం ఆడడు. అయితే ఇంకెవరు?

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి భర్త గంగారాం మగ్గాల షెడ్డులో మూల పడేసిన ఎర్రనూలు కట్ట ఒకటి చంకలో పెట్టుకొచ్చింది. గదుల్లో ఆ తెల్ల నురగ చూసినప్పటి నుంచీ ఆమెకు ఒకటే అనుమానం. నూలు తెల్లబరచడానికి అద్దకంవాళ్లు వాడే బ్లీచింగ్ నీళ్లు ఇందులో కలుస్తున్నాయి. అవి తగిలితే రంగు నిలవదు, పురుగు నిలవదు. ఎవరి ట్యాంకర్లో ఉన్నాయో నూలే చెప్పాలి.

మంగళవారం పొద్దుట్నుంచి ఏ ట్యాంకర్ వచ్చినా ముందు ఒక బకెట్ పట్టింది. అందులో ఎర్రనూలు పోగులు ముంచింది. కాసేపు నాననిచ్చి, కర్రతో పైకి తీసి ఎండలో చూసింది. ఒక్కో ట్యాంకర్‌ను అట్లా నిలబెట్టేసరికి డ్రైవర్లు విసుక్కున్నారు.

“గీ మురుగుల నానేసి చీర నేస్తవా అక్కా?”

“నేస్త. నీ పెండ్లానికి పంపుత. నోరు మూస్కొని నిలబడు.”

వచ్చిన ట్యాంకర్లన్నిట్లో నూలు ఎర్రగానే ఉంది. మురికి పట్టింది, కంపు పట్టింది, రంగు మాత్రం పోలేదు. ఊర్మిలకు ఓపిక నశించే వేళకు ఎల్లేశం మళ్లీ వచ్చాడు. ఈసారి బండి రాకముందే దాని వాసన వచ్చింది. మల్లెపూల వాసన.

“ఇదేంది? ట్యాంకర్‌కు సెంటు కొట్టినవా?”

“నేనెందుకు కొడుత? పడవది. గా పడవ మాల్ నెల నుంచి గిట్లనే గుమగుమలాడుతున్నది. నువ్వు ఇంటికి పోయినంక రాత్రిళ్లు దించుతుంటి, నీకు తెల్వలే. నేను గూడ ఖుష్ అయితున్న.”

ఊర్మిల బకెట్ పట్టింది. నూలు ముంచింది. కర్రతో పైకి తీసేసరికి అది ముసలమ్మ జుట్టులా ఉంది.

ఎల్లేశం వంగి ఆ పోగులను దగ్గరగా చూశాడు.

“అక్కా,” అన్నాడు ఎల్లేశం మెల్లగా, “పడవ ఎవలదో యాదికున్నదా?”

యాదికి లేకేం! మానేరు జలాశయంలో తిరిగే రెండంతస్తుల పడవ అది. పైన దావత్‌లు, కింద వంటిల్లు, వెనుక వరసగా మరుగుదొడ్లు. ఊరంతా దాన్ని పడవ అంటుంది. దాని యజమాని రాజనర్సు ఒక్కడే క్రూయిజ్ అంటాడు. అందులో చేరిన మురుగు చుక్క కూడా నీళ్లలో పడకుండా ఊర్మిల ప్లాంటుకే చేరాలన్న షరతు మీదనే పడవకు అనుమతి వచ్చింది. అనుమతి చేతికొచ్చిన రోజు ఆయన ఫోన్ చేసి మురిసిపోయాడు: “దేశదేశాలు తిరిగే షిప్పులు సుత రేవుకు అచ్చినంక ఊరి ప్లాంటుకే ఇస్తయట చెల్లె! మనదీ గంతే. నా షిప్పు, నీ ప్లాంటు.”

రాజనర్సు కోరుట్ల మనిషి. ఊర్మిల కూతురు నవ్యకు మామ. అంటే ఊర్మిలకు సాక్షాత్తూ వియ్యంకుడు.

“దించాల్నా అక్కా?”

“దించుతవా! ఆ ఎండబెట్టే మడి ఖాళీగున్నది, అండ్ల పొయ్యి. ఎండకు బ్లీచింగ్ ఇరుగుతది. గదులల్ల ఒక్క చుక్క పడ్డదో, నిన్ను అండ్ల ముంచుత. తర్వాత ట్యాంకర్ లోపల మంచినీళ్లతోటి కడుగు. మనం పడవ కాడికి పోతున్నం.”

బండి ఎక్కేముందు భర్తకు ఫోన్ చేసింది. గంగారాం మగ్గాల మోతలో రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

“చెప్పు గని, కోపంగ చెప్పకు. బిడ్డ ఆ ఇంట్ల ఉన్నది.”

“మరి నా పురుగులు?”

“పురుగులకు అత్తగారిల్లు లేదు గదనే.”

*

పడవ ఒడ్డునే ఉంది. పైన ఎవరిదో రిటైర్మెంట్ దావత్ నడుస్తోంది. బగార అన్నం వాసన, మటన్ వాసన, డీజే పాట. తెల్ల బట్టలు, నెత్తిన బంగారు అంచు టోపీ పెట్టుకున్న రాజనర్సు ఊర్మిలను చూసి ఎదురొచ్చాడు.

“చెల్లె! చెప్పకుంట అచ్చినవేంది? అగో, చెల్లెకు కుర్చీ ఎయ్యుర్రి! ప్లేట్ తేర్రి! నల్లి బొక్క చూసి ఎయ్యుర్రి!”

“అన్నా, నేను తిననీకి రాలే.”

“తినకుంట పోతె మీ వదినె నన్ను ఇంట్లకు రానిస్తదా?”

అన్నం మీద మూలుగ ఎముకతో ప్లేటు చేతిలోకి వచ్చింది. ఊర్మిల దాన్ని పట్టుకునే నిలబడింది. వియ్యంకుడిని ఎక్కడ మొదలుపెట్టి తిట్టాలో, ఎంత వరకు తిట్టాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

“అన్నా, పడవ ట్యాంకుల ఏమన్న పోస్తున్నరా?”

రాజనర్సు మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. “కనిపెట్టినవా! నీ నోటితోటి నువ్వు చెప్పేదాక నేను చెప్పొద్దనుకున్న. రా, చూపిస్త.”

మరుగుదొడ్ల వెనుక నీలిరంగు డ్రమ్ములు వరసగా ఉన్నాయి. అద్దకం షెడ్లలో పని అయిపోయాక మిగిలిన బ్లీచింగ్ నీళ్లు. వాటి పక్కన మల్లె సెంటు డబ్బాలు.

“మన సిరిసిల్ల షెడ్లదే మాల్. వాళ్లు పారబోసేదే, నేను తెప్పిస్తున్న. ట్యాంకుల పోసి కలిపితె చాలు, తెల్లగ అయితది. మీదికెల్లి సెంటు. ఇప్పుడు చెప్పు చెల్లె, ఎట్లున్నది మా మాల్?”

“ఎవలు చెప్పిన్రు మీకు గిట్ల చెయ్యమని?”

“నువ్వే!”

“నేనా?”

“బతుకమ్మకు నవ్యను మీ ఇంటికి తోల్కచ్చిన్నాడు నువ్వేమన్నవ్? ‘అన్నా, మీ పడవ ట్యాంకర్ అచ్చిన్నాడు మాకు ముద్ద దిగుతలేదు’ అని నవ్వుకుంట అన్నవ్. నువ్వు నవ్వినవ్. నాకు ఆ పొద్దు తిన్నది అరగలే. కోడలి తల్లిగారింటికి అందరు పండ్లు పంపుతరు, పూలు పంపుతరు. నేనేం పంపుతున్న? గది! కనీసం సాఫ్ చేసి పంపకపోతె నా ఇజ్జత్ ఏముంటది? వియ్యపురాలికి కంపు పంపిండు రాజనర్సు అంటె కోరుట్లల తలెత్తుకుంటనా?”

ఊర్మిల కళ్లు మూసుకుంది. తాను సరదాకు విసిరిన మాటను ఈ మనిషి ఇంటికి మోసుకుపోయి, మనసులో పెట్టుకుని, డ్రమ్ముల కొద్దీ మర్యాదగా మార్చి తన నెత్తినే పోశాడు.

“అన్నా, ఆ బ్లీచింగ్‌కు మా ప్లాంటుల పురుగులన్ని సచ్చినయి.”

“పురుగులు సస్తె మంచిదే గదా?”

“అవే పని చేసేటియి!”

“తెల్లగుంటె సాఫ్ గాదా మరి?”

“పాలల్ల బ్లీచింగ్ పోస్తె తెల్లగనే ఉంటయి. పెరుగు తోడుకుంటదా?”

ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక రాజనర్సు ఒక డ్రమ్ము మీద కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆశగా తలెత్తాడు.

“పోనీ, బ్లీచింగ్ బంజేసి వట్టి సెంటు పోద్దునా?”

ఇంక ఊర్మిల వల్ల కాలేదు. గొంతు పెంచలేదు. ఒక్క ఏకవచనం దొర్లనివ్వలేదు. ప్రతి మాట చివరా గౌరవం తగిలించి మరీ కడిగేసింది.

“అన్నా, మీరు పెద్దోళ్లు. మీ కాళ్లు మొక్కుత. సెంటు పొయ్యకుర్రి. బ్లీచింగ్ పొయ్యకుర్రి. మీరు దయచేసి ఏం చెయ్యకుర్రి. నాకు మీ మురికే కావాలె. ఎట్లున్నది గట్లనే, కంపు కంపుగ, నల్లగ పంపుర్రి. మీ మర్యాద నా ప్లాంటును రెండుసార్లు సంపింది. శుక్రవారం శాంపిల్ ఫెయిలైతె నా గేటుకు తాళం పడుతది. నా గేటుకు తాళం పడితె మీ పడవ సుత ఒడ్డునే ఉంటది. ఇగ మీరే ఆలోచన చెయ్యుర్రి, అన్నా.”

ఇంత గౌరవంగా ఆమె ఇంతవరకు ఎవరినీ తిట్టలేదు. నల్లి బొక్క ప్లేటులో చల్లారిపోయింది.

*

తిట్టడం అయిపోయింది. ప్లాంటు మాత్రం చచ్చే ఉంది. పేడతో లేపుదామంటే వారాలు పడుతుంది. ఊర్మిల పడవ మీది నుంచే జగిత్యాలలో అట్లాంటి ప్లాంటే నడిపే బాలమణికి ఫోన్ కలిపింది. ఇద్దరూ కలిసి శిక్షణ తీసుకున్నారు.

“బాలక్కా, నీ గదులల్ల బురద ఒక్క ట్యాంకర్ ఇయ్యవా? తోడు వేస్కుంట.”

“అయ్యో చెల్లె, పోయిన వారమే గదులు కడిగించిన. నావి ఇప్పుడిప్పుడే కండ్లు తెరుస్తున్నయి. తీస్తె నావీ సస్తయి.”

“మరి నేనెట్ల?”

“పాత సెప్టిక్ ట్యాంకు దొరకబట్టు. మంది ఎక్కువున్న ఇల్లు కావాలె. ఎన్నడూ తియ్యనిది, యాసిడ్ తగలనిది కావాలె. అడుగున గట్టిగ నల్లగ ఉంటది చూడు, గది ఒక్క ట్యాంకర్ పడ్డదంటె నీ గదులు లేస్తయి. దొరికితె నన్ను ఎక్కించుకొని పో, నా మైక్రోస్కోప్‌ల చూసి చెప్త.”

ఫోన్ స్పీకర్లో ఉంది. రాజనర్సు ఉన్నట్టుండి జలాశయం వైపు తిరిగి, నీళ్లను తెగ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. ఊర్మిల అది గమనించింది.

“అన్నా. కోరుట్లల మీ ఇంటి ట్యాంకు ఎప్పుడు తీయించిన్రు?”

రాజనర్సు చేతిలోని టోపీ దుమ్ము దులిపాడు.

“అన్నా.”

“మా నాయిన కట్టించిండు,” అన్నాడాయన జలాశయానికే చెబుతున్నట్టు. “పెద్ద మనిషి. పెద్దగనే కట్టించిండు.”

“తీయించింది ఎప్పుడు?”

“తీయించలే.”

“ఇంట్ల ఎంత మంది?”

“మేం అన్నదమ్ములం, పిల్లలు, పనోళ్లు, దుకాణపోళ్లు… చెల్లె, ఇంకేదన్న అడుగు. గది మాత్రం అడుగకు. కోడలి తల్లి మా ఇంటికి అచ్చి గది తీస్కపోతదా? గల్లీలోల్లు నవ్వరా?”

“నవ్వితె నవ్వనియ్యుర్రి. ఎల్లేశం, బండి తియ్యి!”

రాజనర్సు కారులో రమ్మన్నాడు. ఊర్మిల ట్యాంకర్ వదిలి రానంది. వియ్యపురాలిని ట్యాంకర్లో పంపి తాను కారులో పోవడం ఇంకా పెద్ద అవమానమని ఆయనా ట్యాంకరే ఎక్కాడు. తెల్ల బట్టలతో, ఒళ్లో టోపీతో ఎల్లేశానికి ఊర్మిలకు మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వేములవాడ దాటారు. జగిత్యాల బైపాస్ మీద చేతిలో పెట్టెతో నిలబడ్డ బాలమణి కిటికీలోంచి లోపలికి చూసింది.

“ఇంత మందిల నేనేడ కూసోవాలె? ఈ పెద్దమనిషెవలు, పెండ్లికొడుకా?”

“నా వియ్యంకుడు. నోరు మంచిగ పెట్టుకో అక్కా.”

బాలమణి చచ్చీచెడీ ఎక్కింది. బండి జగిత్యాల దాటింది. అప్పుడు రాజనర్సు, మనసు కాస్త తేలికపడ్డవాడిలా అన్నాడు:

“ఏమైతేంది, పెండ్లయినంక మొదటిసారి మా ఇంటికి అస్తున్నవ్ చెల్లె. మీ వదినె మస్తు సంబురపడ్డది. బయలెల్లంగనే ఫోన్ చేసి చెప్పిన.”

“ఏం చెప్పిన్రు?”

“చెల్లె అస్తున్నది, ఇల్లంత సాఫ్ చెయ్యమన్న.”

“అంటె?”

“అంటె ఏముంటది? బండలు తుడుచుడు, బాత్రూములల్ల యాసిడ్ పోసి…”

మాట మధ్యలోనే ఆగిపోయింది. ట్యాంకర్లో నలుగురూ ఒకేసారి ఆ యాసిడ్‌ను మనసులో చూశారు. బాత్రూముల్లోంచి పైపులోకి, పైపులోంచి ట్యాంకులోకి.

“ఫోన్ చెయ్యుర్రి!” అరిచింది ఊర్మిల.

ఆయన చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. “చార్జింగ్ వెట్టి మర్చిపోతదీమె!” ఊర్మిల నవ్యకు చేసింది. స్విచాఫ్. అల్లుడు రంజిత్‌కు చేసింది. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ వచ్చింది.

“ఎల్లేశం!”

“తొక్కుతున్ననక్కా! ఇది కారు గాదు!”

కోరుట్ల దాకా ఎల్లేశం హారన్ మీద చెయ్యి తీయలేదు. ముందు పోతున్న వడ్ల లారీవాడు పక్కకు జరగకుండా ఏడిపించాడు. బాలమణి కిటికీలోంచి తల బయటపెట్టి, జగిత్యాలలో ఉన్న తిట్లన్నీ వాడికి ఒప్పజెప్పింది. ఊళ్లో గల్లీ ఇరుకు. మలుపు దగ్గర బండి ఆగిపోయింది. ఊర్మిల దూకి పరుగెత్తింది. వెనుక రాజనర్సు, ఆ వెనుక పెట్టె గుండెలకు హత్తుకుని బాలమణి.

రాజనర్సు భార్య లస్మవ్వ గడపలో ముగ్గు కూడా వేయించింది. ఊర్మిల దాన్ని తొక్కుకుంటూ లోపలికి దూసుకుపోయింది. వాకిలి తడిగా మెరుస్తోంది. వెనుక బాత్రూముల దగ్గర లస్మవ్వ, నడుముకు కొంగు చుట్టి, యాసిడ్ సీసా మూత పళ్లతో పీకుతోంది.

“వదినె, ఆగుర్రి!”

ఊర్మిల సీసా లాగేసుకుంది. లస్మవ్వ బెదిరిపోయి గోడకు ఆనుకుంది.

“అయ్యో వదినె! నువ్వెందుకు పట్టుకుంటవ్? కడిగేది నేను గదా!”

“పోసిన్రా? ఏ దాంట్లనన్న పోసిన్రా?”

“ఇంక ఎక్కడ! ఇప్పుడే బండలయినయి. ఏమైందే? పాము దూరిందా?”

ఊర్మిల అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది. నవ్య వచ్చి తల్లిని, తల్లి చేతిలోని సీసాను, దూరంగా వగరుస్తున్న మామను చూసి ఏమీ అర్థం కాక నిలబడింది. సంగతి విన్నాక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. లోపలి గదిలోంచి నవ్వు చాలాసేపు వినిపిస్తూనే ఉంది.

లస్మవ్వకు మాత్రం నవ్వు రాలేదు. మొదటిసారి వచ్చిన వియ్యపురాలు కాళ్లు కడుక్కోకుండా, నోట్లో ముద్ద పెట్టుకోకుండా సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడని అడుగుతోంది!

“ముందు తినాలె. తిన్నంకనే ఏదైనా.”

“వదినె, పొద్దు గూకేలోపు పోవాలె.”

“పోదువు తియ్యి. గది యాడికి పోదు. మా మామ కట్టించినప్పటి నుంచి ఆడనే ఉన్నది.”

ఊర్మిల తిన్నది. తినక తప్పలేదు. ఇటు ఆమె తింటుండగా అటు పెరట్లో ఎల్లేశం బండ ఎత్తి, గల్లీ మలుపు నుంచి పైపు లాగి లోపలికి దించాడు. బాలమణి ఒక చుక్క అద్దం పలక మీద వేసి, మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించి, చాలాసేపు అట్లాగే ఉంది.

“ఏమైందక్కా? ఉన్నయా?”

“ఉన్నయా అంటవేంది చెల్లె! సంతల ఉన్నట్టున్నరు. గింత మందిని నేనెన్నడు చూడలే.” రాజనర్సు వైపు తిరిగింది. “పెద్దమనిషీ, మంచిగ కాపాడిన్రు.”

రాజనర్సు మొహం తిప్పుకున్నాడు. సిగ్గో, ఇంకేమైనానో చెప్పడం కష్టం. టోపీ మాత్రం మళ్లీ నెత్తికెక్కింది.

గల్లీ అంతా గుమిగూడింది. పైపు గురగురమంటోంది. లస్మవ్వ పట్టు వదలక వియ్యపురాలికి బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ, పండ్లు చేతిలో పెడుతోంది. ఎదురింటావిడ ముక్కు మూసుకునే అడిగింది.

“ఏం లస్మవ్వా, వియ్యపురాలికి ఏం వెట్టి తోలుతున్నవ్?”

“మా ఇంట్ల ఉన్నదంత!” అన్నది లస్మవ్వ.

*

పొద్దు గూకే వేళకు ఆ నల్లటి సరుకు సిరిసిల్ల ప్లాంటు గదుల్లోకి దిగింది. దించేముందు ఊర్మిల ప్రతి గదిలోనూ ఎర్రనూలు ముంచి చూసుకుంది. రంగు పోలేదు. బ్లీచింగ్ విరిగింది.

బుధవారం బుడగ లేదు. ఊర్మిల గది దగ్గరే కూర్చుంది. వచ్చిన ట్యాంకర్లను కొద్దికొద్దిగా దించనిచ్చింది. తొందరపెట్టిన వాళ్లను కసిరింది. రాజనర్సు ఫోన్ చేసి “లేసినయా?” అని అడిగాడు. లేదంది. గురువారం పొద్దున మళ్లీ అడిగాడు. లేదంది. మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. లేచినప్పుడు తనే చెప్తానని, అప్పటిదాకా ఫోన్ చెయ్యొద్దని బతిమాలింది.

గురువారం ఎండ వాలుతుండగా మొదటి గదిలో నల్లటి పొర కింద ఏదో కదిలింది. శెనగగింజంత బుడగ పైకొచ్చి పగిలింది. ఊర్మిల ఇంకాస్త కిందికి వంగింది. ఇంకొకటి వచ్చింది. ఆ వెనుక రెండు కలిసి వచ్చాయి.

శుక్రవారం సంధ్య సీసాలతో వచ్చింది. మొదటి గది మూత ఎత్తింది, బుడబుడలాడుతోంది. రెండోది పర్వాలేదు. మూడోది ఇంకా మత్తులోనే ఉంది. సంధ్య మడుల చివర నీళ్లు పట్టుకుంది. పోతూ పోతూ అడిగింది, పురుగులు ఎందుకు చచ్చాయని. ఊర్మిల నిజమే చెప్పింది. సంధ్య కాసేపు నమ్మలేదు.

“మర్యాద కోసమా?”

“మర్యాద కోసమే మేడం.”

ఫలితం వచ్చే దాకా ఊర్మిలకు కూర్చుంటే కాళ్లు, నిలబడితే నడుము లాగాయి. ఆఖరికి సంధ్య ఫోన్ చేసింది. నీళ్లు పాసయ్యాయి. ఒక పరీక్షలో మాత్రం చావుతప్పి అంచు మీద నిలిచాయి. తాళం పడదు. కానీ ఒక షరతు. పడవ మురుగు ఒక్కసారిగా వచ్చి పడితే ఇంత చిన్న ప్లాంటు తట్టుకోదు. ఆదివారం దావత్‌లు అయిపోగానే మొత్తం తెచ్చి కుమ్మరించడం ఇక కుదరదు. పడవ దగ్గరే ఒక ట్యాంకులో ఆపి, రోజుకు కొంచెం చొప్పున పంపాలి. అందులో మందు గానీ, సెంటు గానీ, ఏదీ కలపకూడదు.

రాజనర్సు ఒప్పుకున్నాడు. ఒడ్డున పెద్ద ట్యాంకు కట్టించాడు. డ్రమ్ములు షెడ్లకు తిరిగి పోయాయి. అంతటితో తన తలనొప్పి వదిలిందనుకుంది ఊర్మిల.

ఆ తర్వాతి సోమవారం ఎల్లేశం బండి గేటు దగ్గరికి రాకముందే కంపు వచ్చింది. ముక్కు పగిలే అసలు కంపు. ఊర్మిల ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ కొంగు చాటున మొదటిసారి నవ్వుకుంది. అంతలో ఫోన్ మోగింది.

“చెల్లె, బండి ముట్టిందా? ఎట్లున్నది ఇయ్యాల మాది?”

“బాగున్నదన్నా. మంచిగ కంపు కొడుతున్నది.”

“నిజంగనా? నా మనసొప్పుతలే. ఇంకింత ఉండాల్నా?”

“సరిపోయింది అన్నా.”

“మొహమాటపడకు చెల్లె. నిన్నటి దావతుల కావాల్ననే పప్పు, గుడ్లు ఎక్కువ పెట్టించిన. మీ పురుగులకు బలముంటదని. రేపటికి బోటి కూర చెప్పుదునా?”

ఊర్మిల నుదురు గేటుకు ఆనించింది. ఎల్లేశం పైపు పట్టుకుని, దించాలా వద్దా అని సైగ చేస్తున్నాడు. ఆమె దించమని చెయ్యి ఊపి, గొంతులోకి వీలైనంత గౌరవం తెచ్చుకుంది.

“అన్నా, మీరేం చెప్పకుర్రి. ఉన్నది పంపుర్రి చాలు.”

“గట్లెట్ల చెల్లె! మా దిక్కెల్లి అస్తున్నప్పుడు…”

ఊర్మిల ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది. ఆ మాటలు అట్లా గాలిలో సాగుతూనే ఉన్నాయి. ఆమె నడిచి వెళ్లి ఇంకో చేత్తో మూడో గది మూత ఎత్తి, లోపలికి వంగి బుడగల కోసం చూడసాగింది.